నష్టం అనే మాటకు అర్థం: ఆసిఫాబాద్ నుంచి బి.ఎస్.ఎన్.ఎల్. పద్దుల పఠనం

“బి.ఎస్.ఎన్.ఎల్. నష్టాల్లో ఉంది.” పత్రికల్లో, సభల్లో, రైల్లో తోటి ప్రయాణికుల మాటల్లో ఈ వాక్యాన్ని మనం పదిహేనేళ్ళకు పైగా వింటున్నాం. వ్యాకరణం ప్రకారం చూస్తే అందులో లోపం లేదు. సంస్థ పేరుంది, దాని స్థితి ఉంది. కాని ఆ నష్టం ఎప్పటి నుంచి వచ్చింది, ఏ నిర్ణయాల వల్ల వచ్చింది, అందులో ఎంత భాగం ఏ ఊళ్ళకు సేవగా చేరింది అనే ప్రశ్నలకు ఆ వాక్యంలో చోటు లేదు. వినగా వినగా ఆ మాట ప్రకృతి ధర్మంలా స్థిరపడిపోయింది. వర్షాకాలంలో వాగు పొంగినట్టే ప్రభుత్వ సంస్థకు నష్టం వస్తుందని చదువుకున్నవాళ్ళు కూడా నమ్మే స్థితి ఏర్పడింది.

సాహిత్య పత్రికలో ఒక టెలిఫోను కంపెనీ జమాఖర్చుల చర్చ ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. 1991 తరువాత తెలుగులో ప్రపంచీకరణ మీద కవిత్వమూ కథలూ విరివిగా వచ్చాయి. వాటిలో బలమైన రచనలున్నాయి. అయితే చాలా చోట్ల ప్రపంచీకరణ ఒక రాక్షసుడి బొమ్మగానే నిలిచిపోయింది. ఆ రాక్షసుడు ఏ కాగితం మీద సంతకం పెట్టాడు, ఏ పద్దు కింద ఎంత రాశాడు అన్నది రచయితలు పట్టించుకోలేదు. దోపిడీ జరిగే చోటు నేడు చాలావరకు లెక్కల పుస్తకమే. దాన్ని చదవడం రానివాడు వాస్తవికత గురించి ఎంత మాట్లాడినా సగమే మాట్లాడినట్టు. అంచేత ఈ వ్యాసంలో ఒక కంపెనీ పద్దులను, ఒక కథను చదివినంత శ్రద్ధగా, ఆసిఫాబాద్ వంటి ప్రాంతంలో నిలబడి చదివే ప్రయత్నం చేస్తాను.

పద్దుల భాష

ముందుగా నాలుగు మాటలు తెలుసుకోవాలి. కంపెనీల నివేదికల్లో ఇవి బరువుగా కనిపిస్తాయి గాని పత్తి రైతు ప్రతి ఏడూ వేసుకునే లెక్కకు భిన్నమైనవి కావు.

పత్తి అమ్మగా వచ్చిన మొత్తం డబ్బు ఆదాయం. అందులోంచి ఆ ఏటి విత్తనాలు, ఎరువులు, మందులు, కూలి తీసివేయగా మిగిలింది నిర్వహణ మిగులు. ఎడ్లజత కొన్నాడనుకుందాం. పదేళ్ళు పనిచేస్తాయనుకుంటే వాటి ధరలో పదోవంతును ఏటా ఖర్చుగా రాసుకోవాలి. దాన్ని తరుగుదల అంటారు. ఈ ఏడు చేతినుంచి ఆ డబ్బు పోదు, కాని పెట్టుబడి అరిగిపోతోందన్న గుర్తు అది. షావుకారుకు కట్టే వడ్డీ మరొకటి. నిర్వహణ మిగులులోంచి తరుగుదల, వడ్డీ కూడా తీసివేస్తే మిగిలేది నికర లాభం. మిగలకపోతే నికర నష్టం. కాబట్టి ఒక రైతు చేను బాగానే పండించి, ఖర్చులు పోను కొంత మిగుల్చుకుని కూడా, ఎడ్ల తరుగుదలా అప్పు వడ్డీల దగ్గరకు వచ్చేసరికి నష్టంలో తేలవచ్చు. అతడికి సేద్యం రాదని అప్పుడు ఎవరన్నా అంటే మనం ఒప్పుకోం.

ఇప్పుడు బి.ఎస్.ఎన్.ఎల్. 2024-25 లెక్క చూద్దాం. సేవల మీద వచ్చిన ఆదాయం సుమారు రూ.20,841 కోట్లు. అంతకు ముందటి ఏడాది కంటే దాదాపు 8 శాతం ఎక్కువ. నిర్వహణ మిగులు రూ.2,164 కోట్ల నుంచి రూ.5,396 కోట్లకు, అంటే రెండింతలకు పైగా పెరిగింది. నికర నష్టం మాత్రం రూ.5,370 కోట్ల నుంచి రూ.2,247 కోట్లకు తగ్గింది. ఆ ఏడాది చివరి రెండు త్రైమాసికాల్లో రూ.262 కోట్లు, రూ.280 కోట్లు చొప్పున లాభం కూడా కనిపించింది. పదిహేడేళ్ళలో ఇదే మొదటి త్రైమాసిక లాభమని ప్రభుత్వం ప్రకటించింది. కాగా 2025-26 మొదటి ఆరు నెలల్లో మళ్ళీ రూ.2,400 కోట్లకు పైగా నష్టం నమోదైంది. కొత్తగా నిలబెట్టిన 4జి టవర్లూ, కొన్న స్పెక్ట్రమూ పుస్తకంలోకి ఎక్కాక వాటి తరుగుదల బరువు పెరగడం దీనికి ముఖ్యకారణం.

కనుక “సంస్థ నష్టాల్లో ఉంది” అన్నదీ నిజమే, “సంస్థ నడకలో మిగులు ఉంది” అన్నదీ నిజమే. ఏ వాక్యం పత్రికలో మొదటి పేజీకి ఎక్కుతుంది, ఏది లోపలి పేజీలో మిగిలిపోతుంది అన్నదే విమర్శకుడు అడగవలసిన ప్రశ్న.

పదివేల కోట్ల లాభం ఏమైంది?

నష్టం పుట్టుకతో వచ్చింది కాదు. టెలికాం శాఖ నుంచి విడదీసి 2000 అక్టోబరు 1న బి.ఎస్.ఎన్.ఎల్.ను కంపెనీగా నడపడం మొదలుపెట్టారు. 2004-05లో దాని నికర లాభం రూ.10,183 కోట్లు. 2007-08కి అది రూ.3,009 కోట్లకు దిగింది. 2009-10లో మొదటిసారి రూ.1,823 కోట్ల నష్టం వచ్చింది. 2019-20 నాటికి ఆ నష్టం దాదాపు రూ.15,500 కోట్లు. పదిహేనేళ్ళలో లాభాల కొండ మీది నుంచి నష్టాల లోయలోకి దిగిన ఈ కథకు కారణాలను వరుసగా చూడాలి.

మొదటిది, ఆలస్యంగా ఇచ్చిన అనుమతి. దేశంలో తొలి మొబైలు సంభాషణ 1995 జులై 31న కలకత్తా నుంచి జరిగింది. అది ప్రైవేటు కంపెనీ జాలం మీద. ప్రభుత్వ సంస్థ విస్తృతంగా మొబైలు రంగంలోకి దిగింది 2002 అక్టోబరులో. పోటీలో ఏడేళ్ళు వెనక నుంచి పరుగు మొదలుపెట్టినా అప్పట్లో జనం దాని సిమ్ కార్డుల కోసం వరుసల్లో నిలబడ్డారు. 4జి విషయంలో ఇదే కథ మరింత కఠినంగా సాగింది. ప్రైవేటు రంగంలో 4జి 2012లో వచ్చింది. 2016 సెప్టెంబరు 5న జియో ప్రవేశించి నెలల తరబడి ఉచితంగా సేవ ఇచ్చింది. బి.ఎస్.ఎన్.ఎల్. 4జి జాలాన్ని దేశవ్యాప్తంగా ప్రారంభించినది 2025 సెప్టెంబరు 27న, ఒడిశాలోని ఝార్సుగూడలో. ఈ మధ్యకాలంలో ఒక తరం యువకులు ఫోను అంటే ఇంటర్నెట్ అనే అర్థంలోకి ఎదిగారు. ప్రభుత్వ సంస్థ వాళ్ళకు మాటలు మాత్రమే అమ్మవలసి వచ్చింది.

రెండోది, సామగ్రి కొనుగోలు. 9 కోట్ల 30 లక్షల లైన్ల విస్తరణకు పిలిచిన టెండరు 2010లో రద్దయింది. 4జి సామగ్రి కోసం పిలిచిన టెండరు 2020లో రద్దయింది. టెండరు రద్దయిన ప్రతిసారీ ప్రైవేటు కంపెనీలకు రెండు మూడేళ్ళ వ్యవధి దొరికింది.

మూడోది, స్పెక్ట్రం ధర. స్పెక్ట్రం అంటే గాలిలో రేడియో తరంగాలను వాడుకునే హక్కు. 2010 వేలంలో ప్రైవేటు కంపెనీలు పలికిన ధరనే బి.ఎస్.ఎన్.ఎల్. కూడా కట్టవలసి వచ్చింది. 3జికీ, వైర్‌లెస్ బ్రాడ్‌బ్యాండుకూ కలిపి ఆ మొత్తం దాదాపు రూ.18,500 కోట్లు. ఏ ప్రాంతంలో తనకు గిట్టుబాటు అవుతుందో చూసుకుని పాట పాడే స్వేచ్ఛ దానికి లేదు. కూడబెట్టుకున్న నగదు నిల్వలో పెద్ద భాగం ఒక్క దెబ్బతో యజమాని అయిన ప్రభుత్వ ఖజానాకే చేరింది.

నాలుగోది మనకు అన్నిటికంటే ముఖ్యమైనది, గ్రామీణ సేవ బరువు. పల్లెల్లో ల్యాండ్‌లైను నడపడం వల్ల వచ్చే లోటు పూడ్చడానికి 2003 నుంచి మిగతా కంపెనీలు యాక్సెస్ డెఫిసిట్ చార్జి పేరుతో కొంత సొమ్ము బి.ఎస్.ఎన్.ఎల్.కు చెల్లించేవి. ఏటా వేల కోట్ల రూపాయల మేర వచ్చిన ఆ సొమ్ము 2004-05 నాటి లాభంలో కలిసి ఉంది. కాబట్టి ఆ పదివేల కోట్లను కేవలం వ్యాపార దక్షత అని మనం కూడా పొగడనక్కరలేదు. 2008లో ఆ చార్జీని ఎత్తివేశారు. చార్జీ పోయింది గాని పల్లె తీగలు పోలేదు, వాటిని చూసే లైన్‌మన్ల జీతాలు పోలేదు. ఆ ఖర్చు నేరుగా నష్టం పద్దులోకి జారింది.

ఆసిఫాబాద్ లెక్క

ఈ నాలుగో కారణం అర్థం కావాలంటే ఢిల్లీ నివేదిక పక్కన పెట్టి ఆసిఫాబాద్ రావాలి. 2016 అక్టోబరు 11న పాత ఆదిలాబాద్ నుంచి వేరుపడి కొత్త జిల్లాగా ఏర్పడిన కుమ్రం భీం ఆసిఫాబాద్ విస్తీర్ణం 4,878 చదరపు కిలోమీటర్లు. 2011 జనగణన ప్రకారం జనాభా 5,15,812. అంటే చదరపు కిలోమీటరుకు సుమారు 106 మంది. హైదరాబాదు జిల్లాలో అదే 2011లో చదరపు కిలోమీటరుకు 18 వేల పైచిలుకు.

ఒక టవరు చుట్టూ మూడు కిలోమీటర్ల దూరం వరకు సంకేతం అందుతుందనుకుందాం. అది దాదాపు 28 చదరపు కిలోమీటర్ల మేర. జిల్లా సగటు లెక్కన ఆ పరిధిలో మూడు వేల మంది ఉంటారు. హైదరాబాదులో అదే పరిధిలో అయిదు లక్షల మంది. అంతమందికి ఒక టవరు చాలదు గనుక అక్కడ పదుల సంఖ్యలో టవర్లు పెడతారు, పెట్టిన ప్రతి టవరూ నిండుగా పనిచేస్తుంది. ఇక్కడి మూడు వేల మందిలో పసిపిల్లలూ, ఫోను లేనివాళ్ళూ, మరో కంపెనీ సిమ్ వాడేవాళ్ళూ పోగా మూడు వందల మంది బి.ఎస్.ఎన్.ఎల్. వాడుతున్నారని ఊహిద్దాం. 2025 జులై-సెప్టెంబరు త్రైమాసికంలో ఒక్కో మొబైలు వినియోగదారుడి నుంచి ఈ సంస్థకు వచ్చిన నెలసరి సగటు రాబడి రూ.91. ఆ లెక్కన ఆ టవరు మీద నెలకు వచ్చేది రూ.27,300. ఈ డబ్బులోంచే కరెంటు బిల్లు, కరెంటు పోయినప్పుడు జనరేటరుకు డీజిలు, బ్యాటరీలు, స్థలం అద్దె, కాపలా, మరమ్మతు, ఇంకా ఆ టవరును బయటి ప్రపంచంతో కలిపే ఫైబరు ఖర్చులు వెళ్ళాలి. మనుషులు తక్కువని కరెంటు తక్కువ కాలదు. పైగా దారి లేని చోటికి డీజిలు మోయడం నగరంలో కంటే ఖర్చయిన పని.

అదీ సగటు లెక్క మాత్రమే. తిర్యాణి, లింగాపూర్, కెరమెరి మండలాల్లో కొండ అడ్డం వచ్చిందంటే మూడు కిలోమీటర్లు కాస్తా ఒక కిలోమీటరు అవుతుంది. లోయకు ఇవతలి గూడేనికి సంకేతం ఉంటే అవతలి గూడేనికి ఉండదు. అదే జిల్లాలో కాజీపేట-బల్లార్షా రైలు మార్గం మీదున్న కాగజ్‌నగర్‌లోనో, మంచిర్యాల నుంచి ఆసిఫాబాద్, వాంకిడి మీదుగా మహారాష్ట్రకు పోయే జాతీయ రహదారి పొడవునో టవరు పెట్టడం వ్యాపారానికి గిట్టుబాటు. ప్రైవేటు పెట్టుబడి రోడ్డు వెంట, రైలు పట్టాల వెంట నడుస్తుంది. ఇందులో ఏ ఒక్క వ్యాపారి దుర్మార్గమూ వెతకనక్కరలేదు. లాభం కోసం పెట్టిన డబ్బు లాభం ఉన్న చోటికి పోతుంది. అది దాని స్వభావం. రోడ్డు విడిచి కొండెక్కే పనిని సమాజం మరొకరికి అప్పగించవలసిందే.

ఇక కొండ మీద ఫోను దేనికి అనే ప్రశ్న నగరాల్లో ఇంకా వినిపిస్తుంది. 2005 ఆగస్టు 15న ఆనాటి ఆంధ్రప్రదేశ్‌లో 108 అంబులెన్సు సేవ మొదలైంది. ఆ అంకె నొక్కాలంటే సంకేతం కావాలి. 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో బడి పాఠాలు టీవీ, ఇంటర్నెట్ల మీదికి మారాయి. పాఠం వినడానికి పిల్లలు గుట్టలూ చెట్లూ ఎక్కిన వార్తలు ఆ నెలల్లో ఆదిలాబాద్ ఏజెన్సీ నుంచి వచ్చాయి. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనుల దగ్గర కూలీల హాజరును మొబైలు యాప్‌లో, రోజుకు రెండు ఫొటోలతో నమోదు చేయడం తప్పనిసరి చేశారు. అంటే మట్టి తవ్విన మనిషి కూలి కూడా ఫోను సంకేతానికి ముడిపడింది. రాజ్యం తన ప్రతి పనినీ ఫోనులోకి మార్చి, ఆ ఫోను పనిచేయడానికి అయ్యే ఖర్చును మాత్రం ఒక కంపెనీ నష్టంగా రాయడం మన కాలపు పెద్ద వైరుధ్యం.

ఒక ఆలస్యపు ఒప్పుకోలు

ఇది మన వాదన మాత్రమే అయితే పక్షపాతం అనవచ్చు. కాని ప్రభుత్వమే దీన్ని కాగితం మీద ఒప్పుకుంది. 2022 జులైలో కేంద్ర మంత్రివర్గం బి.ఎస్.ఎన్.ఎల్. పునరుద్ధరణకు రూ.1.64 లక్షల కోట్ల ప్యాకేజీ ఆమోదించింది. అందులో ఒక పద్దు పాఠకులు ప్రత్యేకంగా గమనించాలి. 2014-15 నుంచి 2019-20 వరకు గ్రామీణ ప్రాంతాల్లో గిట్టుబాటు కాని ల్యాండ్‌లైన్లను నడిపినందుకు రూ.13,789 కోట్లు.

ఆ ఆరేళ్ళలో సంస్థ చూపిన నికర నష్టాలన్నీ కలిపితే సుమారు రూ.56 వేల కోట్లు. అంటే ఆ కాలంలో దేశమంతా “నష్టం” అని చదివిన అంకెలో దాదాపు నాలుగో వంతు నిజానికి పల్లెకు చేసిన సేవ బిల్లు. అదీ ల్యాండ్‌లైన్ల వరకే.

అయితే ఆ బిల్లు ఎప్పుడు చెల్లుబాటైంది? 2022లో. ఈలోగా ఏం జరిగిందో చూడండి. 2019 ఫిబ్రవరి జీతాలు సుమారు లక్షా 76 వేల మంది ఉద్యోగులకు సకాలంలో అందలేదు. కాంట్రాక్టు కార్మికులు నెలల తరబడి కూలి లేక ఆందోళనలు చేశారు. 2019 అక్టోబరులో దాదాపు రూ.69 వేల కోట్ల మొదటి ప్యాకేజీ ప్రకటించి, అందులో భాగంగా స్వచ్ఛంద పదవీ విరమణ పథకం తెచ్చారు. 2020 జనవరి 31న ఒక్కరోజున 78,569 మంది ఉద్యోగులు ఇళ్ళకు వెళ్ళిపోయారు. ఆదాయంలో 75 శాతం జీతాలకే పోతోందన్నది అప్పుడు చూపిన కారణం. ఆదాయం పెరిగే 4జి దారి మూసిపెట్టి, ఉన్న ఆదాయంలో జీతాల శాతం ఎక్కువని లెక్క చూపడం ఎలాంటిదంటే, చేనుకు నీళ్ళు ఆపేసి పంట తక్కువ, పాలేరు తిండి ఎక్కువ అన్నట్టు. జరిగిన వరుస ఇదీ: సేవ ముందు, నష్టమనే పేరు తరువాత, ఆ పేరు మీద ఉద్యోగాల కోత, అన్నిటికీ చివర సేవకు చెల్లింపు.

మాటల వెనక వర్గం

సాహిత్య విద్యార్థులు ఇక్కడ మాటల ఎంపికను గమనించాలి. బి.ఎస్.ఎన్.ఎల్.కు ప్రభుత్వం డబ్బు ఇస్తే దాన్ని “ప్యాకేజీ” అంటారు, “పన్ను చెల్లించేవారి సొమ్ము” అంటారు. 1999లో ప్రైవేటు కంపెనీలు తాము ఒప్పుకున్న లైసెన్సు రుసుములు కట్టలేమన్నప్పుడు ఆ పద్ధతినే మార్చి ఆదాయంలో వాటా ఇస్తే చాలన్నారు. దాని పేరు “విధాన సంస్కరణ”. వొడాఫోన్ ఐడియా ప్రభుత్వానికి కట్టవలసిన బకాయిల్లో 2023లో రూ.16,133 కోట్లు, 2025లో రూ.36,950 కోట్లు వాటాలుగా మార్చుకోవడంతో ఆ కంపెనీలో ప్రభుత్వ వాటా దాదాపు 49 శాతానికి చేరింది. దాని పేరు “ఊరట”. బి.ఎస్.ఎన్.ఎల్. బకాయిలు రూ.33,404 కోట్లు కూడా ఇలాగే వాటాగా మారాయి, కాని అది “ఆదుకోవడం”. చర్య ఒకటే. పేర్లు వేరు. పేరు పెట్టే అధికారం ఎవరిదో తెలిస్తే ఆ పేరులోని వర్గ ప్రయోజనం తెలుస్తుంది.

నష్టానికి మరో ముగింపు ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఆసిఫాబాద్ వాళ్ళు దూరం పోనక్కరలేదు. కాగజ్‌నగర్‌లోని సిర్పూర్ పేపర్ మిల్లు నష్టాల పేరుతో 2014లో మూతపడి, 2018లో జె.కె. పేపర్ చేతికి వెళ్ళి, ప్రభుత్వ రాయితీల తోడుతో మళ్ళీ తెరుచుకుంది. ఆ నాలుగేళ్ళు ఒక పట్టణం మొత్తానికి పనిలేని కాలం. ప్రైవేటు లెక్కలో నష్టం వస్తే తలుపు మూస్తారు. గూడెంలో ఉన్న ఒకే ఒక్క టవరును ఆ లెక్కకు వదిలేస్తే ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు.

మన వైపు లోపాలు

ఇంతమాత్రాన బి.ఎస్.ఎన్.ఎల్.ను నిందకు అతీతమైన త్యాగమూర్తిగా చిత్రించడం అభ్యుదయ దృక్పథం కాదు. అది మరో రకం భావుకత. తెగిన తీగ నెలల తరబడి అతకనప్పుడు, ఫిర్యాదు పుస్తకంలో రాసిన ఫిర్యాదు అక్కడే మిగిలినప్పుడు జనం విసిగి పోయారు. పోటీ లేని రోజుల్లో టెలిఫోను కనెక్షను కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన తరం ఆ సంస్థ పొగరును మరిచిపోలేదు. ప్రజల ఆస్తి అన్న మాటను ప్రజలకు జవాబు చెప్పనక్కరలేని ఆస్తిగా అధికార గణం మార్చుకున్నప్పుడు, ప్రైవేటీకరణ వాదానికి అంతకంటే మంచి సాక్షి అక్కరలేదు. యూనియన్లు కూడా జీతభత్యాల పోరాటానికి ఇచ్చిన ప్రాముఖ్యాన్ని సేవ నాణ్యతకు ఇచ్చి ఉంటే వినియోగదారుడు వాళ్ళ పక్కన నిలబడి ఉండేవాడు. 2025లో దేశంలోని మొబైలు వినియోగదారుల్లో ఈ సంస్థ వాటా 8 శాతం దగ్గర ఆగి ఉందంటే బాధ్యతలో కొంత భాగం దానిదే.

పెరుగుదల ఎటు?

మరి రేపటి మాటేమిటి? పెట్టుబడి మార్కెట్ల నిపుణులు పెరుగుదల అంచనా అనేది మూడు అంకెల మీద వేస్తారు. వినియోగదారులు ఎంతమంది పెరుగుతారు, ఒక్కొక్కరి నుంచి ఎంత వస్తుంది, పెట్టిన పెట్టుబడి ఎంతకాలానికి తిరిగి వస్తుంది.

మొదటి అంకెకు కొంత ఆశ ఉంది. 2024 జులైలో ప్రైవేటు కంపెనీలు ఒకేసారి ధరలు పెంచినప్పుడు లక్షలమంది బి.ఎస్.ఎన్.ఎల్. వైపు తిరిగారు. ధర పెరిగితే పోవడానికి ఒక చోటుండటం అందరు వినియోగదారులకూ రక్షణే అని ఆ కొద్ది నెలలు చూపాయి. పదుల కంపెనీలతో మొదలైన ఈ రంగంలో నేడు మిగిలినవి మూడు ప్రైవేటు కంపెనీలూ, ఒక ప్రభుత్వ సంస్థే. కాని వచ్చినవాళ్ళను నిలుపుకోవాలంటే 4జి బాగా పనిచేయాలి. దేశీయ సాంకేతికతతో సుమారు రూ.37 వేల కోట్ల వ్యయంతో నిలబెట్టిన 97,500 పైచిలుకు టవర్లు ఆ పరీక్షకు నిలబడాలి. టాటా కన్సల్టెన్సీ, తేజస్, సి-డాట్ కలిసి ఈ పరికరాలు రూపొందించాయి. సొంతంగా టెలికాం సామగ్రి తయారుచేయగల దేశాలు ప్రపంచంలో కొద్దే కనుక ఈ సాధన చిన్నది కాదు. 1980లలో ఏసీ గది లేకుండానే పనిచేసే గ్రామీణ ఎక్స్ఛేంజిని సి-డాట్ తయారుచేసినప్పటి ఆత్మవిశ్వాసం ఇందులో మళ్ళీ కనిపిస్తుంది.

రెండో అంకె దగ్గర చిక్కుంది. బి.ఎస్.ఎన్.ఎల్.కు ఒక్కొక్కరి నుంచి రూ.91 వస్తున్న అదే త్రైమాసికంలో జియోకు రూ.211, ఎయిర్‌టెల్‌కు రూ.256 వచ్చాయి. ఈ సగటును వాళ్ళ స్థాయికి పెంచడమే పెరుగుదల అనుకుంటే, పెంచే దారి ధర పెంచడమే అయితే, ఆ సంస్థను నిలబెట్టిన కారణమే పోతుంది. నెలకు తొంభై రూపాయలు పెట్టగల పోడు రైతు రెండు వందలు పెట్టలేడు. సగటు పెరగాలి గాని అది నగరాల్లో ఫైబరు కనెక్షన్లు, కార్యాలయాల సేవల మీద పెరగాలి. ఆ మిగులు కొండకు చేరాలి.

మూడో అంకెలో అసలు పరీక్ష ఉంది. 2022 జులైలోనే ప్రభుత్వం మరో పథకం ఆమోదించింది. 4జి అందని 24,680 గ్రామాలకు బి.ఎస్.ఎన్.ఎల్. ద్వారా టవర్లు నిలబెట్టడానికి రూ.26,316 కోట్లు. కంపెనీలన్నీ తమ ఆదాయంలోంచి కట్టే సార్వత్రిక సేవా నిధి నుంచి ఈ సొమ్ము వస్తుంది. 2002లో పుట్టిన ఆ నిధి పేరు 2023 టెలికాం చట్టంతో డిజిటల్ భారత్ నిధి అయింది. పథకంలో టవరు కట్టే ఖర్చుతో పాటు అయిదేళ్ళ నిర్వహణ ఖర్చు కూడా ఉంది. అంటే గిట్టుబాటు కాని చోట సేవకు సమాజం ముందుగానే డబ్బు ఇవ్వాలన్న సూత్రాన్ని ఒప్పుకున్నారు. మంచిదే. మరి ఆరో ఏడు? ఆరో ఏడు కూడా గూడెంలో మూడు వందల మందే ఉంటారు, కొండ అక్కడే ఉంటుంది. అప్పుడు ఆ డీజిలు ఖర్చు మళ్ళీ నష్టం పద్దులోకి జారితే ఈ కథ మొదటి నుంచి మొదలవుతుంది. బి.ఎస్.ఎన్.ఎల్. భవిష్యత్తు మీద ఏ నిపుణుడి అంచనా చదివినా ముందుగా ఈ ఆరో ఏడాది గురించి అందులో ఏముందో వెతకండి.

అడగవలసినది స్పష్టమే. గ్రామీణ, ఏజెన్సీ సేవకు వేరే పద్దు ఉండాలి. ఆ లోటును ఏటికేడు, అదే ఏడాదిలో, సేవా నిధి నుంచి చెల్లించాలి. అలా చెల్లించాక కూడా మిగిలిన నష్టం ఉంటే దానికి సంస్థ యాజమాన్యాన్ని నిలదీయాలి. రెండు లెక్కలూ కలిపి కలగాపులగం చేసినంతకాలం అసమర్థుడు సేవ చాటున దాక్కుంటాడు, అమ్మేయాలన్నవాడు నష్టం చాటున దాక్కుంటాడు.

రచయితలకు ఒక మాట. జోడేఘాట్ కొండల్లో 1940లో కుమ్రం భీం నేలకొరిగిన పోరాటంలో భూమిశిస్తు, పశువుల పన్ను, అటవీ శాఖ కేసులు అన్నీ కాగితం మీది పద్దులే. ఆ కాగితాల్లో గోండు, కోలాం ప్రజలు బకాయిదారులుగానూ ఆక్రమణదారులుగానూ కనిపించారు. నేటి పద్దులో అదే కొండ నష్టంగా కనిపిస్తోంది. మన కథల్లో ఫోను చాలాకాలంగా మోగుతూనే ఉంది. అది మోగని చోటు గురించి, మోగేలా చేసిన లైన్‌మన్ గురించి, 2020 జనవరి 31న సంచీ భుజాన వేసుకుని ఆఖరిసారి ఎక్స్ఛేంజి మెట్లు దిగిన మనిషి గురించి రాయవలసిన కథలు మిగిలే ఉన్నాయి. ఆ కథ రాయబోయే మిత్రుడు ముందుగా ఒక సంవత్సరపు జమాఖర్చుల నివేదిక తెచ్చుకుని, పెన్సిలు చేతబట్టి, నష్టం అని ఉన్న ప్రతి చోటా “ఏ ఊళ్ళో?” అని పక్కన రాసుకుంటూ చదవాలని నా మనవి.